పూచీకత్తు మీద నడిచే బండి

1956 నవంబర్ 1న కల్హేర్ ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారింది. అంతకుముందు అది హైదరాబాద్ రాష్ట్రం బీదర్ జిల్లాలోని నారాయణఖేడ్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాద్‌ను మూడు వైపులా పంచిన తీరు చూస్తే దర్జీ గుడ్డ కత్తిరించినట్టే ఉంటుంది. నిర్ణా సర్కిల్ తప్ప మిగతా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోంచి న్యాల్‌కల్ సర్కిల్, మొత్తం నారాయణఖేడ్ తాలూకా, నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. బీదర్ పట్టణం మైసూరు రాష్ట్రానికీ, ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికీ పోయాయి. నిన్నటిదాకా జిల్లా కచేరీ ఉన్న ఊరు మరునాటికి వేరే రాష్ట్రమైంది. నారాయణఖేడ్‌ను మెదక్ జిల్లాలో కలిపారు. 2016 అక్టోబర్‌లో అది సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినపడే ఈ మూలన గీతలు ఇన్నిసార్లు మారాయి కాబట్టే, సరిహద్దులు దాటే ప్రయాణాల గురించి ఆలోచించడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

కారు వేసుకుని దేశదేశాల మీదుగా పోవాలనుకునేవాళ్లు సాధారణంగా మ్యాపుతో మొదలుపెడతారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ నెలలో ఏ కనుమ మీద మంచు కరుగుతుంది, డీజిల్ ఎక్కడ దొరుకుతుంది, టైర్లు ఎన్ని పెట్టుకోవాలి అని లెక్కలు వేస్తారు. ఇవన్నీ అవసరమే. అయితే రెండు వందల ఏళ్ల అనుభవం మరో సంగతి చెబుతోంది. సరిహద్దు దాటే ప్రయాణాన్ని ఆపేదీ సాగనిచ్చేదీ ముఖ్యంగా పూచీ. బండి, సరుకు, మనిషి, ఈ మూడింటిలో లోపలికి వచ్చింది ఏదైనా సరే, నష్టం జరిగితే ఎవరు కట్టిస్తారు, తిరిగి పోకపోతే ఎవరిని పట్టుకోవాలి అన్న ప్రశ్నకు సమాధానం ఉన్నచోట గేటు తెరుచుకుంది. సమాధానం లేనిచోట మంచి రోడ్డు ఉన్నా పనికిరాలేదు. కాబట్టి ప్రయాణ ప్రణాళిక చరిత్ర అంటే, ఎక్కువ భాగం, ఈ పూచీ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి మారుతూ వచ్చిందన్న చరిత్రే.

తెలుగులో ఇందుకు మొదటి పెద్ద సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపిన విశేషాలే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. ఆయన పోయిన తోవలో ఈస్టిండియా కంపెనీ జిల్లాలు, కందనవోలు (నేటి కర్నూలు) నవాబు సీమ, నిజాం రాజ్యం, నాగపూర్ భోంస్లేల రాజ్యం ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. హైదరాబాద్ దాటాక ఆయన కామారెడ్డి, నిర్మల్ మీదుగా నాగపూర్ బాట పట్టారు. అది కల్హేర్‌కు తూర్పున, నేటి 44వ జాతీయ రహదారి వెళ్లే దిక్కు. కందనవోలు నవాబు శ్రీశైలం వచ్చే యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాడు. ప్రయాగలో, గయలో, పూరీలో ఆ పని కంపెనీయే చేసింది. 1840లో చట్టం చేసి మానుకుంది. సీమ మారినప్పుడల్లా చెల్లే నాణెం మారేది, సుంకం అడిగే మనిషి మారేవాడు. ఇంత పెద్ద పరివారం ఇన్ని చేతులు దాటి క్షేమంగా తిరిగి రావడానికి బోయీల కాళ్ల సత్తువ ఒక్కటే చాలదు. కోర్టు ఉద్యోగిగా ఆయనకున్న హోదా, దొరల పరిచయం, దారి ఊళ్లలో ఆదరించే పెద్దలు, డబ్బు చేతికందించే షావుకార్లు, ఇవన్నీ కలిసి ఆయన పూచీకత్తు. అదే బాటలో కాశీకి బయలుదేరిన పేద యాత్రికుడికి ఇవేవీ లేవు. అతను నడిచింది అదే నేల మీద అయినా, ప్రతి సుంకం చౌకీ దగ్గరా అతని ప్రయాణం వేరుగా ఉండేది.

నిజాం రాజ్యంలో ఈ పూచీ క్రమంగా వ్యక్తుల నుంచి సర్కారు కాగితాలకు మారింది. 1802లో కంపెనీతో కుదిరిన వర్తక ఒప్పందం సరుకు మీద విలువలో 5 శాతం సుంకాన్ని ఖాయం చేసింది. రాజ్యం లోపల జాగీర్దారు జాగీర్దారుకూ కట్టాల్సిన బాట సుంకాలు దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో తొలగుతూ వచ్చాయి. సరిహద్దు సుంకం మాత్రం కరోడ్‌గిరి పేరుతో పక్కా శాఖ అయి కూర్చుంది. పాతతరం తెలంగాణలో కరోడ్‌గిరి నాకా అంటే తెలియనివాళ్లు లేరు. డబ్బు కూడా వేరే. బ్రిటిష్ ఇండియా కల్దార్ వంద రూపాయలకు ఇక్కడి ఉస్మానియా సిక్కా 116 రూపాయల 10 అణాల 8 పైలు సమానం. నోటి లెక్కలో ఏడుకు ఆరు. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టేనాటికి మోటారు బాటలు రాజ్యం అంచుల దాకా పోతున్నాయి. అంచు ఎక్కడుందో తెలుసుకోవడమే ఒక్కోసారి కష్టం. హైదరాబాద్ నుంచి బెజవాడ పోయే దారిలో మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందినది. దానికి నాలుగు పక్కలా నిజాం ఇలాకా. ఆ దారిన పోయే బండి నిజాం నేల విడిచి ఇంగ్లీషు నేలలో అడుగుపెట్టి, మళ్లీ నిజాం నేలలోకి వచ్చి, ఆ తర్వాత గానీ కృష్ణా జిల్లా అసలు భాగాన్ని చేరదు. ఆ పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో కలిసేదాకా జిల్లాల పటంలో ఈ చిక్కుముడి అలాగే ఉంది.

దీనికి ఒక అభ్యంతరం రావడం సహజం. నిజాం రాజ్యం స్వతంత్ర దేశమేమీ కాదు కదా, బ్రిటిష్ రెసిడెన్సీ నీడలో బతికిన సంస్థానం కదా, దాని నాకాను అంతర్జాతీయ సరిహద్దుతో పోల్చడం అతిశయోక్తి కాదా? రాజ్యాంగ పండితుడి లెక్కలో ఈ మాట నిజమే. ప్రయాణికుడి లెక్క వేరు. సార్వభౌమత్వం ఎవరిదన్నది అతనికి తర్వాతి సంగతి; కర్ర అడ్డం పెట్టి బండి ఆపే అధికారం ఎవరికుంది, ఆ చేయి ఏ కాగితాన్ని ఒప్పుకుంటుంది అన్నది మొదటి సంగతి. పైగా ఇలాంటి నిద్రాణమైన సరిహద్దు ఎంత తొందరగా మేల్కొంటుందో 1947, 48లో తేలింది. 1947 నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కొద్ది వారాల్లోనే భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. విలువైన లోహాలు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది. అటు నుంచి భారత్ సరుకుల రాకను బిగించింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చేనాటికి, తరతరాలుగా సుంకం కట్టి దాటిన గీత రెండు సర్కార్ల మధ్య దిగ్బంధ రేఖగా మారిపోయింది. దారులు అవే, బండ్లు అవే. ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం పోయింది, అంతే. కల్హేర్ లాంటి ఊళ్లు ఆ రేఖకు లోపలెక్కడో ఉన్నా, సంతకు వచ్చే సరుకులో దాని వేడి తగిలే ఉంటుంది.

ప్రపంచంలో మోటారు ప్రయాణం కూడా ఇదే బాట పట్టింది. కారు అనేది తనంతట తాను పరుగెత్తే ఖరీదైన సరుకు. పర్యాటకుడి పేరుతో లోపలికి వచ్చి అమ్ముడుపోతే దిగుమతి సుంకం గంగలో కలిసినట్టే. అందుకే తొలి రోజుల్లో ప్రతి సరిహద్దులోనూ కారు సుంకమంతా నగదుగా కట్టి, బయటికి పోయేటప్పుడు వాపసు అడుక్కోవాల్సి వచ్చేది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో యూరప్ ఆటోమొబైల్ క్లబ్బులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాయి. సభ్యుడి దగ్గర క్లబ్బు డిపాజిట్ తీసుకుని ఒక పుస్తకం ఇస్తుంది. అందులో ఒక్కో పేజీకి మూడు భాగాలు: లోపలికి వచ్చినప్పుడు చించుకునే ముక్క, బయటికి పోయేటప్పుడు చించుకునే ముక్క, ముద్రలు పడి పుస్తకంలోనే మిగిలే ముక్క. బండి తిరిగి వెళ్లకపోతే సుంకం మేమే కట్టిస్తామని ఆ దేశపు క్లబ్బు పూచీ పడుతుంది. ఈ పుస్తకమే కార్నే. 1954లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో న్యూయార్క్‌లో కుదిరిన ఒడంబడిక దీనికి చట్టబద్ధత ఇచ్చింది. భారత్ కూడా అందులో చేరింది. మన దగ్గర 1919లో పుట్టిన వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంఘాలు ఈ పని చూస్తూ వచ్చాయి. ఒక్క కార్నే సాధారణంగా ఏడాదే చెల్లుతుంది. పరదేశంలో బండి దొంగల పాలైనా, తుక్కుతుక్కైనా, అక్కడి కస్టమ్స్ ఒప్పుకునే రుజువు చూపకపోతే సుంకం యజమాని నెత్తిన పడుతుంది. ఇంజిన్ చెడిపోతే మెకానిక్ దొరుకుతాడు. బయటికి వచ్చే ముద్ర ఒకటి తప్పిపోతే డిపాజిట్ ఇరుక్కుంటుంది.

భూమార్గ ప్రయాణాల స్వర్ణయుగమని చెప్పుకునే కాలం కూడా ఈ పూచీల మీదే నిలబడింది. 1955 సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్‌రోవర్లలో లండన్ నుంచి బయలుదేరి 1956 మార్చిలో సింగపూర్ చేరారు. వాళ్ల ప్రయాణంలో ప్రమాదకరమని పేరుపడ్డది బర్మా అడవి బాట. ఆ బాటను చూడడానికైనా ముందు రంగూన్ అనుమతి కావాలి. 1957 ఏప్రిల్ 15న లండన్ నుంచి ఇరవై మంది ప్రయాణికులతో బయలుదేరిన బస్సు జూన్ మొదట్లో కలకత్తా చేరింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా ఇండియాకు వేల మంది వచ్చారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఏడాది చివర అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం. ఆ దారి అక్కడితో తెగింది. 1979 నాటి రోడ్లు 1957 నాటి వాటికంటే మెరుగైనవి, బండ్లు మరీ మెరుగైనవి. ప్రయాణం ఆగిపోవడానికి రోడ్డు కారణమైతే ఆగాల్సింది 1957లో.

రోడ్డును, భద్రతను ఇంత తేలిక చేయడం సరికాదని ఇక్కడ మరొకరు అడ్డుపడవచ్చు. వీరాస్వామయ్య తోవలో గోదావరి పొంగులున్నాయి, అడవులున్నాయి, దోపిడీ భయముంది. ఆయుధాలు పట్టిన బంట్రోతులు లేకుండా ఆ పరివారం కదిలేదా? నిజమే, కదిలేది కాదు. అయితే ఈ కష్టాల స్వభావం వేరు. ఏరు తగ్గేదాకా ఆగవచ్చు, బంట్రోతులను జీతానికి పెట్టుకోవచ్చు, బండికి ఇంకో టైరు కొనుక్కోవచ్చు. కాలమో, డబ్బో, నేర్పో పెడితే తీరే కష్టాలివి. మూసిన గేటుకు ఈ మూడూ పనిచేయవు. అదీగాక, భద్రత అనేది కూడా చివరికి పూచీయే. ఈ ఊరు మా ఇలాకా, ఇక్కడ మీకేమన్నా అయితే మాది బాధ్యత అని చెప్పే జమీందారో సర్కారో ఉన్నచోట దారి భద్రమైంది; ఆ మాట చెప్పేవాడు లేనిచోట అదే దారి భయంకరమైంది. బందిపోట్ల కథల వెనుక పాలకుల ఎగవేత కథ ఉండనే ఉంటుంది.

మనుషుల విషయంలో ఇది మరింత తేటగా కనపడుతుంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయే వలస కూలీలు తెలంగాణలో అందరికంటే ఎక్కువగా అంతర్జాతీయ సరిహద్దులు దాటినవాళ్లు. వాళ్ల ప్రయాణంలో విమానం టికెట్టు చిన్న సంగతి. పెద్ద సంగతి కఫీల్. అంటే అక్కడ వాళ్లకు జవాబుదారీగా నిలబడే యజమాని. కఫీల్ మంచివాడైతే దేశం మంచిది, చెడ్డవాడైతే తిరిగి వచ్చే దారి కూడా మూతపడుతుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కొన్ని తరగతుల కార్మికులకు ముందస్తు క్లియరెన్స్ తప్పనిసరి చేసింది కూడా ఈ పూచీలో మన సర్కారు వాటా ఏమిటో తేల్చడానికే. సరదాగా కారులో పోయే కలవారు కార్నే కోసం కట్టే డిపాజిట్టూ, కూలీ తన భూమి తాకట్టు పెట్టి ఏజెంటుకు ఇచ్చే సొమ్మూ ఒకే తలుపు దగ్గర ఖర్చవుతాయి. ఒకరికి అది వాపసు వస్తుంది, మరొకరికి రాదు. ఈ తేడాను మరిచి సరిహద్దు ప్రయాణాల చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

మూడో అభ్యంతరం వర్తమానం నుంచి వస్తుంది. పూచీల కాలం అయిపోయింది, గేట్లు లేచిపోతున్నాయి అనేవాళ్లున్నారు. 1956 తర్వాత కల్హేర్ పరిసరాల్లో పుట్టిన కొత్త సరిహద్దులే వాళ్లకు ఉదాహరణ. సంగారెడ్డి నుంచి నారాయణఖేడ్ డివిజన్ గుండా నాందేడ్, అకోలా దాకా పోయే 161వ జాతీయ రహదారిని ఇటీవల నాలుగు వరసలు చేశారు. ఆ దారిలో మద్నూర్ దగ్గరి సలాబత్‌పూర్, ముంబై దారిలో జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లి దశాబ్దాలపాటు లారీ డ్రైవర్లకు బాగా తెలిసిన చెక్‌పోస్టులు. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో అమ్మకం పన్ను చెక్‌పోస్టుల పని ముగిసింది. యూరప్‌లోనూ అంతే, ఫ్రాన్స్ నుంచి జర్మనీకి కారు మామూలుగా ఆగకుండా పోతుంది. అయితే గేటు లేచిపోయిన ప్రతిచోటా, దాని వెనుక ఒక ఉమ్మడి పూచీ కూర్చుని ఉంది. యూరప్‌లో ప్రమాదం జరిగితే పరాయి దేశపు బండికి కూడా బీమా చెల్లేలా 1950ల నుంచే గ్రీన్ కార్డు ఏర్పాటు ఉంది. సుంకం విషయం ఉమ్మడి కస్టమ్స్ చూసుకుంటుంది. మన దగ్గర రాష్ట్రాలన్నీ జీఎస్టీ కౌన్సిల్లో కూర్చుని పన్ను పంచుకుంటున్నాయి కాబట్టే నాకా అవసరం తీరింది. లారీ ఈ-వే బిల్లు మోసుకునే తిరుగుతోంది. ఆ ఉమ్మడి ఏర్పాటు కుదరని చోట పాత గీత ఇంకా బతికే ఉంది. సంగారెడ్డి రిజిస్ట్రేషన్ కారు బీదర్‌లో పన్నెండు నెలలు దాటి ఉంటే ఎన్‌ఓసీ తెచ్చుకుని నంబర్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది, లైఫ్ టాక్స్ తిప్పలు అదనం. 2021లో తెచ్చిన బీహెచ్ సిరీస్ ఆ చిక్కును కొందరు ఉద్యోగులకే తీర్చింది. పూచీ మాయం కాలేదు. వ్యక్తి దగ్గర అడిగేది మానేసి ప్రభుత్వాలు తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అలా ఇచ్చిపుచ్చుకోనిచోట మళ్లీ వ్యక్తినే అడుగుతున్నాయి.

ఈ దృష్టితో చూస్తే కల్హేర్ నుంచి కారులో దేశాలు దాటాలనుకునేవాడి ముందున్న పటం వేరే రకంగా కనపడుతుంది. కాగితం మీద దారి అద్భుతంగా ఉంది. కామారెడ్డి దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే అది ఏషియన్ హైవే 43లో భాగం. ఆగ్రా దగ్గర అది ఏషియన్ హైవే 1ని కలుస్తుంది. తూర్పున మోరే మీదుగా మయన్మార్‌కు, పడమర అటారీ మీదుగా పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీలకు ఆ గీత సాగుతుంది. 2004లో షాంఘైలో సంతకాలు జరిగిన ఒప్పందం ఈ రహదారులకు నంబర్లు, ప్రమాణాలు ఇచ్చింది. దాటే హక్కు ఇవ్వలేదు. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్ దారి అనిశ్చితం. 2025 ఏప్రిల్‌లో అటారీ చెక్‌పోస్టు మూసేశారు. దక్షిణాన ధనుష్కోటి తర్వాత శ్రీలంకకు బండి దాటే వంతెనే లేదు. నేపాల్ మాత్రం వేరు. భారత కారు భన్సార్ (అక్కడి కస్టమ్స్ రుసుము) కట్టి, రోజుల లెక్కన అనుమతి తీసుకుని దర్జాగా పోతుంది, ఎందుకంటే రెండు దేశాల మధ్య ఆ పాటి నమ్మకం ఉంది. చైనాలో గైడు, తాత్కాలిక నంబర్ ప్లేటు లేకుండా విదేశీ కారు కదలదు. బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ 2015 జూన్ 15న థింఫూలో వాహనాల రాకపోకల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని ఒప్పుకోలేదు. చిన్న దేశపు రోడ్ల మీద పెద్ద దేశపు బండ్లు పోటెత్తితే పర్యావరణానికి, బతుకుదెరువుకు ఎవరు పూచీ అన్నది అక్కడి భయం. అది తీసిపారేయదగ్గది కాదు.

అందువల్ల ప్రణాళిక వేసే క్రమం తలకిందులు కావాలి. బయలుదేరే తేదీ నుంచి ముందుకు లెక్కించడం కంటే, అన్నిటికంటే కష్టమైన గేటును మొదట ఎంచుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కించాలి. ఏ దేశాలు కార్నే అడుగుతాయి, ఏవి తమ సొంత పర్మిట్ ఇస్తాయి, ఏవి గైడు లేనిదే రానివ్వవు అని మూడు వర్గాలు చేస్తే సగం దారి దానంతటదే తేలుతుంది. కొన్నిచోట్ల నేల మీద పోవడం కంటే ముంబై నుంచి ఓడలో బండిని గల్ఫ్ రేవుకు పంపడమే సుళువని కూడా తేలవచ్చు. ఆ తర్వాతే ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, బండి వెనుక దేశపు గుర్తు, బీమా, చివర్లో టైర్లు, పనిముట్లు. ఇది సాహసానికి నీళ్లు చల్లే లెక్క అనిపిస్తే, 1830లో వందమందితో బయలుదేరి పదిహేను నెలలు రాజ్యాలు తిరిగి వచ్చిన కోర్టు ఉద్యోగి లెక్క కూడా ఇదేనని గుర్తుంచుకోవాలి. అప్పుడు తేడా ఒకటే: పూచీ తన హోదాలోనే దొరికింది. ఇప్పుడు అది కొనుక్కోవలసిన పుస్తకమైంది. రేపు అది పొరుగు దేశాలు తమలో తాము ఇచ్చుకునే మాట కావాలని కోరుకునేవాళ్లు మరో రహదారి నంబర్ కోసం ఎదురుచూడడం కంటే, థింఫూ ఒప్పందం ఎక్కడ ఆగిందో, భూటాన్ భయానికి ఏ జవాబు ఇవ్వాలో అడగడం మేలు.